కుంపటి లేని నగల చదువు

దుకాణం అద్దాల వెనక మెరిసే పెళ్ళి హారాన్ని ఎవరు చేశారని అడిగితే ఇవాళ ఒక్క పేరు చెప్పడం కష్టం. కాగితం మీద గీసింది ఒకరు. కంప్యూటర్‌లో త్రీడీ నమూనాగా మలిచింది ఇంకొకరు. యంత్రం ఆ నమూనాను మైనంలోనో రెజిన్‌లోనో ముద్రించి ఇస్తే, పోత పోసేది మరొకచోట. ఆకురాయి పట్టేవారు, రాళ్ళు పొదిగేవారు, మెరుగు పెట్టేవారు ఎవరి బల్ల దగ్గర వారు. చివరన హాల్‌మార్కింగ్ కేంద్రంలో 916 ముద్ర, ఆరక్షరాల హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్. మొదటి గీత నుంచి చివరి మెరుగు దాకా ఆ హారాన్ని ఆసాంతం చూసిన మనిషి ఈ వరుసలో ఒక్కరూ ఉండకపోవచ్చు. ఒకప్పుడు ఊరి కంసాలి తన వసారాలో కూర్చుని ఇవన్నీ ఒక్కడే చేసేవాడు. వన్నె చూడడం, కరిగించడం, తీగ లాగడం, అతకడం, చెక్కడం, చివరికి తరుగు లెక్క చెప్పడం కూడా అతని పనే. పరిశ్రమ పనిని పంచుకున్నది వేగం కోసం, దాన్ని తప్పు పట్టలేం. బాధంతా ఏమిటంటే నగల చదువు కూడా అవే ముక్కలుగా విడిపోయింది. డిజైన్ నేర్పే చోట చాలాసార్లు కుంపటి కనిపించదు. కుంపటి ఉన్న చోట పుస్తకం కనిపించదు. గీయడం, చేయడం, లోహం గురించి తెలుసుకోవడం ఈ మూడూ ఒకే కప్పు కింద, ఒకే విద్యార్థికి అందకపోతే ఎన్ని కోర్సులు తెరిచినా అది సగం చదువే.

ముందు పాత పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. వృత్తి ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఊదుగొట్టం చేతికి రాకముందే మంట రంగు చూసి వేడి పోల్చడం నేర్చుకునేవాడు. సుత్తి దెబ్బలకు బంగారం ఎప్పుడు బిరుసెక్కుతుందో, ఎప్పుడు కాచి మళ్ళీ మెత్తబరచాలో చేతికే తెలిసేది. కమ్మచ్చు బెజ్జంలోంచి తీగ లాగుతుంటే అది తెగబోయే చోటు వేళ్ళకు ముందే అందేది. గీటురాయి మీద పడిన గీతను చూసి వన్నె చెప్పాలంటే ఏళ్ళ సాధన కావాలి. ఈ నేర్పును ఇంతకంటే బాగా అందించిన తరగతి గది ప్రపంచంలో ఎక్కడా లేదు. కానీ ఆ చదువు తలుపులు మూసుకుని సాగింది. రాజు బంగారు పని జరిగే అక్షశాలలోకి అనుమతి లేనివారు అడుగు పెట్టకూడదని కౌటిల్యుడి అర్థశాస్త్రం కట్టడి చేస్తుంది. అక్కడ కారణం దొంగతనం భయం. వృత్తి కుటుంబాల్లో కారణాలు వేరైనా తలుపు మాత్రం అలాగే మూసి ఉండేది. ఆడపిల్లకు కుంపటి ముందు చోటు అరుదు, వేరే కులంలో పుట్టినవాడికి ఇంకా అరుదు. లోపలున్నవారికి కూడా ఎలా చేయాలో తెలిసేది గానీ, ఎందుకలా చేయాలో అడిగే అలవాటు అంతగా ఉండేది కాదు. ఆ అడగకపోవడం ఎంత నష్టం చేసిందో చెప్పడానికి మన బజార్లోనే ఒక ఉదాహరణ ఉంది.

కేడీఎం నగలు అన్న మాట తెలుగు ఇళ్ళలో తెలియనివారు తక్కువ. కొన్నేళ్ళపాటు అది నాణ్యతకు మారుపేరుగా చెలామణీ అయింది. దాని వెనక ఉన్న చిక్కు నిజమైనదే. నగ ముక్కల్ని అతకాలంటే అతుకు లోహం నగ కంటే తక్కువ వేడికి కరగాలి. అందుకోసం పాత కాలపు అతుకులో రాగి, వెండి ఎక్కువ కలిపేవారు. దాంతో నగను కరిగిస్తే వచ్చే బంగారం వన్నె 22 క్యారట్ల కంటే దిగిపోయేది, నష్టం కొన్నవారికి. బంగారంలో కొద్దిగా కాడ్మియం కలిపితే అతుకు కూడా 22 క్యారట్ల స్థాయిలోనే ఉంటూ తేలిగ్గా పారుతుంది. కొన్నవారికి లాభం, అమ్మినవారికి పేరు. మధ్యలో ఊదుగొట్టం పట్టిన మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, 767 డిగ్రీలకు ఆవిరవుతుంది. అతుకు పారే వేడికి చేరేసరికి అది పొగగా లేస్తుంది. ఆ పొగ ఊపిరితిత్తుల్నీ మూత్రపిండాల్నీ దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకాల పట్టికలో కాడ్మియం మొదటి వర్గంలో ఉంది. గాలి ఆడని చిన్న గదుల్లో కుంపటి మీదికి వంగి పనిచేసిన వేలమందికి ఈ సంగతి ఎవరు చెప్పారు? పక్కవాణ్ణి చూసి నేర్చుకునే చదువులో పక్కవాడి తప్పు కూడా పాఠమైపోతుంది. మరిగే స్థానం అంటే ఏమిటో, పొగ గొట్టం ఎందుకు కావాలో, కాడ్మియం బదులు జింకు, ఇండియం లాంటివి కలిపిన అతుకులు ఎలా పనిచేస్తాయో చెప్పడానికి ఒక్క వారం పాఠాలు చాలు. ఆ వారం పాఠాలు లేక నిపుణుల ఊపిరి పోయింది. పద్ధతి ప్రకారం చదువు కావాలనడానికి నాకు కనిపించే అన్నిటికంటే బలమైన కారణం ఇదే. కళ, సృజన వంటి పెద్ద మాటలన్నీ దీని తర్వాతే.

రెండో ఉదాహరణ దూరదేశానిది, కాకపోతే దాని కొస మన నేలను తాకుతుంది. ఇటలీలో క్రీస్తుకు పూర్వం ఏడెనిమిది శతాబ్దాల నుంచి వర్ధిల్లిన ఎట్రుస్కన్లు బంగారు రేకు మీద ఇసుక రేణువంత గుండ్లను వందలకొద్దీ పేర్చి అతికేవారు. కొన్ని గుండ్లు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండవు. మామూలు అతుకు వాడితే అది గుండ్ల సందుల్లోకి పారి అన్నిటినీ ముద్ద చేసేస్తుంది. వాళ్ళ పనిలో అతుకు ఆనవాలే కనిపించదు. ఆ విద్య ఐరోపాలో మరుగున పడిపోయింది. 19వ శతాబ్దంలో సమాధుల్లోంచి ఆ నగలు బయటపడినప్పుడు రోము నగరంలో కాస్టెల్లాని అనే నగల కుటుంబం వాటిని తిరిగి చేయాలని పట్టుబట్టింది. వాళ్ళ దగ్గర నమూనాలున్నాయి, అద్భుతంగా గీసే చేతులున్నాయి, డబ్బుంది. పని మాత్రం తెమల్లేదు. సాంటాంజెలో ఇన్ వాడో అనే కొండ ఊళ్ళో పాత పద్ధతులు ఇంకా మిగిలి ఉన్నాయని విని అక్కడి పనివాళ్ళను రప్పించారు. ఆ చేతుల వల్ల చాలా దగ్గరికి వెళ్ళారు, అయినా ఎట్రుస్కన్ సన్నదనం అందలేదు. చివరి అడుగు 1933లో పడింది. హెచ్.ఎ.పి. లిటిల్‌డేల్ అనే ఆంగ్లేయుడు రాగి లవణాన్ని జిగురుతో కలిపి గుండ్లను అంటించి వేడి చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వేడికి జిగురు మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు రాగి ఆక్సైడులోని ఆమ్లజనిని లాగేసుకుంటుంది. మిగిలిన పిసరంత రాగి, గుండు రేకును తాకే చోట మాత్రమే బంగారంతో కలిసి, ఆ ఒక్క చోట కరిగే వేడిని తగ్గించి అతికిస్తుంది.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది క్రమం. గీత ఒక్కటే చాల్లేదు. గీతకు చేయి తోడైనా పూర్తి కాలేదు. రసాయనశాస్త్రం వచ్చి చేరాకే పని కుదిరింది. ఇక మన వైపు చూస్తే, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దికి చెందిన ఒక జత బంగారు కర్ణాభరణాలున్నాయి. అవి బహుశా ఆంధ్ర ప్రాంతంలో తయారై ఉంటాయని మ్యూజియం నమోదు చేసుకుంది. వాటి మీద ఏనుగూ, రెక్కల సింహమూ ఉంటాయి. ఆ రూపాలను రేకు మీద ఉబ్బెత్తుగా తీర్చి, పైన సన్నని గుండ్లూ తీగ ముక్కలూ కూర్చారు. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ ఆ పని తెలిసినవారు ఉన్నారు. వాళ్ళు ఏ అతుకు వాడారో, ఎంత వేడి పెట్టారో మనకు రాసిపెట్టిన తెలుగు పుస్తకం లేదు. నేర్పు చేతి నుంచి చేతికి మాత్రమే నడిస్తే, మధ్యలో ఒక తరం వేరే పనికి వెళ్ళిపోగానే దారం తెగుతుంది. ఇప్పుడు కంసాలి ఇళ్ళలో పిల్లలు ఇంజినీరింగ్‌కు వెళ్తున్నారు. వెళ్ళడం వాళ్ళ హక్కు. వాళ్ళ తాతల చేతుల్లో ఉన్నదాన్ని కొలిచి, రాసి, వీడియో తీసి, ప్రయోగం చేసి చూసి భద్రపరిచే బాధ్యత మాత్రం ఏదో ఒక బడి తలకెత్తుకోవాలి.

మరి ఇప్పుడున్న కోర్సులు చాలవా? డిగ్రీ స్థాయిలో నిఫ్ట్ వంటి సంస్థల నాలుగేళ్ళ యాక్సెసరీ డిజైన్ చదువులో నగలు ఒక భాగం. రత్నాల ఎగుమతిదారుల మండలి ఆధ్వర్యంలో నడిచే ఐఐజీజే సంస్థలున్నాయి. రత్నాల పరీక్షకు 1931లో అమెరికాలో పుట్టిన జీఐఏ పాఠాలు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. వీటిలో మంచి బల్లలున్న చోట్లు ఉన్నాయి. నా అభ్యంతరం గల్లీ గల్లీకీ వెలిసిన మూడు, ఆరు నెలల డిజైన్ కోర్సుల మీద. అక్కడ తెర మీద హారం తిప్పి చూపించడం వస్తే నగల డిజైనర్ అయిపోయినట్టే. అలా వచ్చిన నమూనా పనివాడి బల్ల మీదికి చేరాక ఏమవుతుంది? మైనపు నమూనా ఒక గ్రాము తూగితే, 22 క్యారట్ల బంగారంలో పోత పోసేసరికి అది దాదాపు 17, 18 గ్రాములు. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. తెరమీద వెనకవైపు ఒక మిల్లీమీటరు మందం ఎక్కువ ఉంచితే ఆ పెళ్ళివారి బడ్జెట్టే తలకిందులవుతుంది. పోతలో లోహం కుంచించుకుపోతుంది, కాబట్టి రాయి కోసం వదిలిన గూడు చిన్నదవుతుంది. రాయిని పట్టుకునే కాళ్ళు 22 క్యారట్లలో మెత్తగా వంగిపోతాయి. వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారట్లలో చేయడానికి కారణం అదే. పచ్చల్లో సహజంగా నెర్రెలుంటాయి, మంట తగిలితే అవి విచ్చుకుంటాయి. ముత్యం కాల్షియం కార్బొనేటు, నగ శుభ్రం చేసే ఆమ్లంలో దాని నిగారింపు కరిగిపోతుంది. మీనా అంటే గాజు, దాదాపు 800 డిగ్రీల వేడిలో లోహాన్ని అంటుకుంటుంది. అందుకే ముందు మీనా, తర్వాత లక్క నింపడం, ఆ తర్వాత కుందనం పని, అన్నిటికంటే చివర ముత్యాలు గుచ్చడం. ఈ వరుస తెలియకుండా గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది నగ కాదు. పనివాడు తనకు చేతనైనట్టు మార్చి చేస్తాడు. చేసిన మార్పుకు అతని పేరు ఎక్కడా ఉండదు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ పక్షం నుంచి ఒక ప్రశ్న వస్తుంది. బరువు, మందం, కుంచించుకుపోయే శాతం అన్నీ కంప్యూటరే లెక్కగట్టి చూపిస్తుంటే కుంపటి దగ్గర ఏళ్ళు గడపడం ఎందుకని. లెక్క చూపించడం నిజమే, దాన్ని నేర్పాల్సిందే కూడా. ఆ లెక్కలోకి ఏ అంకె వేయాలో చెప్పేది మాత్రం లోహంతో పరిచయమే. మెడ మీద హారం వాలే తీరు, జూకా ఊగే బరువు, వడ్డాణం నడుము ఒంపుకు కుదిరే కీలు, కూర్చున్నప్పుడు పొడుచుకోని అంచు తెర మీద తెలియవు. పోత దిగిన తర్వాత లోపల బుడగ ఉన్న నగను ఏం చేయాలో, పదేళ్ళు వాడిన నగ ఎక్కడ అరుగుతుందో మరమ్మతు చేసినవారికే తెలుసు. ముక్కుపుడకలూ మెట్టెలూ కూడా చేయించి, విరగ్గొట్టించి, మళ్ళీ అతికించని కోర్సు డిజైనర్‌ను తయారుచేయలేదు.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఇది ఒక కులవృత్తి. యంత్రాలు, పెద్ద షోరూములు, వేరే రాష్ట్రాల నుంచి తక్కువ కూలికి వచ్చే పనివాళ్ళ పోటీ మధ్య స్వర్ణకారులు ఇప్పటికే నలిగిపోయారు. ఇప్పుడు బడి పెట్టి వాళ్ళ విద్యను అందరికీ పంచితే మిగిలిన కూడు కూడా లాక్కోవడం కాదా? ఈ ప్రశ్నను దాటవేసే హక్కు ఎవరికీ లేదు. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారట్లు మించిన కొత్త నగ చేయడం నిషిద్ధమైంది. గిరాకీ కూలిపోయి పనిలేక ఎందరో స్వర్ణకారులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ 14 క్యారట్ల షరతును 1966లో ఎత్తేసినా నియంత్రణ చట్టం రద్దయ్యేసరికి 1990 వచ్చింది. బడి ఉంటే ఆ చావులు ఆగేవని అనడం అన్యాయం, తప్పు విధానానిది. అయినా ఆ చరిత్ర ఒకటి చూపిస్తుంది. ఒకే లోహం, ఒకే వన్నె, ఒకే ఊరి గిరాకీ మీద నిలబడిన నేర్పుకు గాలి మారితే వేరే దారి ఉండదు. వృత్తి కుటుంబాలను కాపాడేది రహస్యం కాదు, ఎందుకంటే రహస్యాన్ని యంత్రం ఎప్పుడో దాటేసింది. వాళ్ళను గురువు స్థానంలో కూర్చోబెట్టి జీతం ఇవ్వడం కాపాడుతుంది. వాళ్ళ పిల్లలకు ప్రవేశంలో ముందు వరుస ఇవ్వడం న్యాయం. తలుపు మాత్రం అందరికీ తెరవాలి. జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ పట్టణంలో 1767లో బాడెన్ పాలకుడు కార్ల్ ఫ్రీడ్రిష్ ఒక అనాథాశ్రమంలో గడియారాల, నగల కార్ఖానా పెట్టించాడు. తాత ముత్తాతల వృత్తి ఏదీ లేని పిల్లలకు అది పనిముట్టు అందించింది. ఆ పట్టణం ఇప్పటికీ నగల తయారీకి, నగల చదువుకు పేరున్న చోటు.

ఖర్చు మాటేమిటి? బంగారంతో అభ్యాసం చేయించడం ఏ బడికీ సాధ్యం కాదన్నది నిజమే. కానీ రాగి, ఇత్తడి, వెండి ఉన్నాయి. కరిగించడం, రేకు సాగదీయడం, తీగ లాగడం, అతకడం, పొదగడం వీటి మీదే వస్తాయి. వెండి అయితే విద్యార్థి తప్పు చేసిన ప్రతిసారీ కరిగించి మళ్ళీ ఇవ్వొచ్చు. పైగా ఈ లోహాల్లోనే మనకు సొంత సంప్రదాయాలున్నాయి. కరీంనగర్ వెండి తీగ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. వెంట్రుకకు దగ్గరగా వచ్చేదాకా వెండి తీగ లాగి, రెండు పోగులు మెలేసి, అణచి, చుట్టలు చుట్టి చట్రంలో అమర్చి, అతుకు పొడి చల్లి వేడి చేస్తారు. వేడి ఒక్క క్షణం ఎక్కువైతే అల్లిక మొత్తం ముద్దవుతుంది. మంటను అదుపు చేయడం నేర్పడానికి ఇంతకంటే కఠినమైన పాఠం లేదు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి నగలు చవక లోహం మీద బంగారు పూతతో దేశమంతా తిరిగాయి. అచ్చులు చెక్కడం, పూత మందాన్ని కొలవడం, ఆ రసాయన నీళ్ళను కాలువలో పారబోయకుండా శుద్ధి చేయడం అక్కడి పాఠాలు కావాలి. బడులు కూడా హైదరాబాదు, విజయవాడల్లోనే కాక ప్రొద్దుటూరు, మచిలీపట్నం, కరీంనగర్ బజార్ల మధ్య ఉండాలి. బర్మింగ్‌హామ్‌లో 1890లో నగల బడిని విటోరియా వీధిలో, నగల పేట నడిబొడ్డున, పాత కంసాలి కార్ఖానాను మార్చి తెరిచారు. ఉదయం చదివినదాన్ని సాయంత్రం పక్క దుకాణంలో సరిచూసుకునే వీలు అలాంటి చోటే ఉంటుంది.

కాలం విషయంలోనూ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో స్వర్ణకారులనూ చేర్చింది. రోజుకు 500 రూపాయల భత్యంతో ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది. ఇప్పటికే పని తెలిసినవారికి అది చేయూత, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ అదే నగల చదువు అనుకుంటే పొరపాటు. జర్మనీలో స్వర్ణకారుడిగా అర్హత పొందడానికి మూడున్నరేళ్ళు పడుతుంది. ఆ కాలమంతా విద్యార్థి ఒక వర్క్‌షాపులో జీతం మీద పనిచేస్తూ, మధ్యమధ్య వృత్తి విద్యాలయంలో లోహశాస్త్రం, చిత్రలేఖనం, లెక్కలు చదువుతాడు. మన పాలిటెక్నిక్‌లలో మూడేళ్ళ డిప్లొమాను ఇదే తీరున నడపడానికి కావాల్సింది కొత్త చట్టం కాదు, నిధులూ పట్టుదలా.

రూపకల్పన పాఠాలు తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. నిజానికి మన పిల్లలకు గీయడం తక్కువే నేర్పుతున్నాం. గుట్టపూసల హారంలో చిన్న ముత్యాలు గుత్తులుగా ఎందుకు వేలాడతాయో, కాసులపేరులో కాసు అచ్చు ఎలా మారుతూ వచ్చిందో, జడబిళ్ళ, నాగారం, వంకీ, చెంపసరాలు ఒంటి మీద ఏ కదలికకు తగ్గట్టు రూపం తెచ్చుకున్నాయో చూసి గీయించే పాఠ్యపుస్తకం తెలుగులో రావాలి. చూడ్డానికి అసలు నగలు కూడా అందుబాటులో ఉండాలి. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం ట్రస్టుల నుంచి 218 కోట్ల రూపాయలకు 173 నగలను కొన్నది, వాటిలో 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం ఒకటి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని కొద్దిసార్లు ప్రదర్శించారు. మిగతా కాలమంతా రిజర్వు బ్యాంకు ఖజానాలోనే. సర్పేచ్ అనే తలపాగా నగ వెనకవైపు మీనా పని ఎలా ఉంటుందో తెలుసుకోవాల్సిన హైదరాబాదు విద్యార్థికి వాటి నాణ్యమైన ఛాయాచిత్రాలు, కొలతలు అయినా అందాలి.

చివరిగా వ్యాపారుల మాట. సర్టిఫికెట్ ఉన్నవాడికి ఎక్కువ జీతం ఇవ్వాలి, పనిబల్ల దగ్గర నేర్చినవాడు తక్కువకే చేస్తాడు కదా అంటారు. ఏటా దేశం కొనే 700, 800 టన్నుల బంగారంలో పెద్ద వాటా దక్షిణాదిదే. ఇంత సరుకు చేతులు మారే చోట మజూరీ, తరుగు శాతాల్లోనే లాభనష్టాలు తేలతాయి. పోత చెడకుండా, రాయి పగలకుండా, హాల్‌మార్కు పరీక్షలో వెనక్కి రాకుండా చేసే చేయి జీతం కంటే ఎక్కువే మిగులుస్తుంది. ఆ నమ్మకం కలగాలంటే పరీక్ష కూడా మారాలి. మూడు గంటల్లో జవాబులు రాయడం, తెర మీద బొమ్మ చూపడం సరిపోదు. విద్యార్థి ఒక నగను గీసి, దాని బరువూ ఖర్చూ ముందే లెక్కగట్టి, వెండిలో స్వయంగా చేసి, తూకం వేసి చూపాలి. ముందు చెప్పిన బరువుకూ వచ్చిన బరువుకూ తేడా ఎందుకు వచ్చిందో పరీక్షకుల ముందు వివరించాలి. ఆ పరీక్షకుల్లో ఒకరు నలభై ఏళ్ళు కుంపటి ముందు గడిపిన స్వర్ణకారుడు కావాలి. అతనికి డిగ్రీ లేదన్న కారణంతో ఆ కుర్చీ దక్కకుండా పోకూడదు. కాబట్టి బోధకుల నియామక నిబంధనల్లో పనితనాన్ని డిగ్రీతో సమానమైన అర్హతగా రాయడం మొదటి పని. భవనాలూ త్రీడీ యంత్రాలూ ఆ తర్వాత కొనవచ్చు.